స్త్రీలకొక చోటు
(ఉపన్యాస పాఠము)



హైదరాబాదు నగరమునకు పడమట నున్న ఖాజాగూడ ఒకనాడు పల్లె. సుమారు 250 కోట్ల యేండ్ల నాటివని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పు కొండరాళ్లు, ఆ కొండలలో అనంతపద్మనాభస్వామి గుడి, ఫక్రుద్దీన్ ఔలియా దర్గా, దిగువను చెరువు - ఇవియే ఆ యూరి గుర్తులు. 1998లో పొరుగుననున్న మాదాపురమున సైబర్ టవర్సు ప్రారంభమైన పిదప ఆ ప్రాంతపు రూపమే మారినది. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘము మహానగరపాలక సంస్థలో కలిసిపోయినది. కొండల ప్రక్కను కొండలంత మేడలు లేచినవి. ఆ మేడలలో అంట్లు తోము స్త్రీ, కార్యాలయముల నేలలు తుడుచు స్త్రీ, బిడ్డను చెట్టుకొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో పరుండబెట్టి ఇటుకలు మోయు స్త్రీ - వీరు లేనిదే ఆ క్రొత్త నగరమునకు ఒక్క పూట గడవదు. ఆ నగరమును గూర్చి వ్రాయువారు మాత్రము వీరి పేరెత్తుట అరుదు.

అట్టి చోట స్త్రీల కొరకు ఒక సామాజిక కేంద్రము నెలకొల్పవలెనన్నచో అందేమి ఉండవలెను? కుట్టుమిషను అని చాలమంది వెంటనే చెప్పుదురు. కుట్టుమిషను మంచిదే. దానివలన కడుపు నింపుకొనుచున్న కుటుంబము లెన్నియో కలవు. కాని రెండు మిషనులు తెచ్చి పెట్టి, గోడకు ఒక శిలాఫలకము తాపించి, ఫొటో తీయించుకొని వెళ్లిపోవుట పెద్దలకు అలవాటైనది. కుట్టు నేర్చిన స్త్రీ అక్కడినుండి ఎక్కడకు పోవలెను? ఆమె ముందున్న మెట్టేది? ఈ ప్రశ్న వేసినవారు తెలుగునాట చాల కాలము క్రిందటనే కలరు. వారు చేసిన పని తెలిసికొన్నచో ఖాజాగూడ స్త్రీకి కావలసిన దేమో తేటపడును.

మొదట హైదరాబాదునే చూతము. నిజాము పాలనలో ఉన్నత విద్య ఉర్దూలో జరిగెడిది. ఇంట తెలుగు మాటలాడు ఆడపిల్లకు బడి దూరమే, ఆ భాషయు దూరమే. 1928లో మాడపాటి హనుమంతరావు గారును వారి మిత్రులును నారాయణగూడలో తెలుగు మాధ్యమమున బాలికల పాఠశాలను స్థాపించిరి. తెలుగు చదువునకు ఇక్కడ గుర్తింపు దొరకలేదు. గుర్తింపు లేని చదువు పిల్లలను ఎచ్చటికిని చేర్చదు గదా! అందుచే కార్వే మహాశయుడు 1916లో పూనాలో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయముతో ఆ పాఠశాలను జతపరచి, బాలికలను ఆ పరీక్షలకు కూర్చుండబెట్టిరి. ఇంటి ముంగిట తలుపు మూసియుండగా వందల మైళ్ల దూరమున మరియొక తలుపు వెదకి తీసిరన్న మాట. 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభతోపాటు నడింపల్లి సుందరమ్మ గారి అధ్యక్షతన మహిళాసభయు జరిగినది. 1935లో నగరమున ఆంధ్ర యువతీ మండలి వెలసినది. ఎల్లాప్రగడ సీతాకుమారి, ఇల్లిందల సరస్వతీదేవి వంటి రచయిత్రులు దానికి అండగా నిలిచిరి. గడప దాటి నలుగురితో కూర్చుండి మాటలాడుటయే ఆనాటి స్త్రీకి గొప్ప సాహసము.

ఇదే కాలమున మద్రాసులో మరియొక తలుపు తెరచుకొనుచుండెను. దానిని తెరచినవారు దుర్గాబాయి గారు. ఆమె 1909లో రాజమహేంద్రవరమున జన్మించిరి. ఎనిమిదవ యేటనే పెండ్లి చేసిరి. ఊహ తెలిసిన పిమ్మట ఆమె ఆ బంధమును వదలుకొనిరి. ఆంగ్ల మాధ్యమమునకు నిరసనగా చిన్ననాడే బడి మానిరి. 1923 కాకినాడ కాంగ్రెసు సందర్భమున ఖద్దరు ప్రదర్శన వాకిట, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను నిలిపివేసిన బాలిక ఆమెయే. ఈ కథ అందరును చెప్పుకొనునదే. అంతగా చెప్పుకొనని సంగతి వేరొకటి కలదు. ఉప్పు సత్యాగ్రహమున ఆమె కారాగారమునకు వెళ్లినప్పుడు, తాము చేసిన నేరమేమో, తమకు పడిన శిక్ష యేమో కూడ ఎరుగని నిరక్షరాస్య స్త్రీలను అచ్చట చూచిరి. వెలుపలికి వచ్చిన పిదప, ఈడు మించినదని సంకోచింపక, కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్ష వ్రాసి నెగ్గిరి. అటుపిమ్మట ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివి, 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టము పొందిరి.

తాను ఎక్కిన మెట్టును ఆమె తన వెనుకనున్నవారికి చూపిరి. మద్రాసులో ఇరుగుపొరుగు పిల్లలను చేర్చి నడపిన చిన్న సంఘమే 1937లో ఆంధ్ర మహిళాసభ యైనది. వితంతువులు, భర్త విడిచినవారు, నడుమనే బడి మానినవారు అచ్చటికి వచ్చి కాశీ పరీక్షకు చదివిరి. హైదరాబాదు బాలికలకు పూనా ఎట్లో, మద్రాసులోని ఈ స్త్రీలకు కాశీ అట్లు. తరువాత దుర్గాబాయి గారు 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైరి. 1958లో ఆ మండలి వయోజన స్త్రీల కొరకు సంక్షిప్త విద్యాక్రమమును ప్రారంభించినది. పిల్లలు చాల యేండ్లు చదువు చదువును పెద్దవారు సుమారు రెండేండ్లలో ముగించి, ఉపాధ్యాయినులు గాను, నర్సులు గాను, గ్రామసేవికలు గాను పనిలో చేరుట దాని ఉద్దేశము. సర్టిఫికెట్టు చదువు కాదని చదివినవారు సులువుగా అందురు. అది లేక ఉద్యోగపు వాకిటనుండి మరలి వచ్చిన స్త్రీ ఆ మాట అనదు.

చదువు స్త్రీని ఉద్యోగమునకే గాక మరియెందులకు తీసికొనిపోగలదో నెల్లూరు జిల్లా దూబగుంట చూపినది. 1990ల ఆరంభమున అక్షరాస్యతా కేంద్రములలో రాత్రివేళ చదివిన స్త్రీలు, సారావలన ఒక సంసారము చెడిన కథను పాఠముగా చదివిరి. అది తమ కథయే యని గ్రహించిరి. రోసమ్మ మున్నగువారు ముందు నడువగా తమ యూరిలో సారా అమ్మకమును ఆపివేసిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతటను ప్రాకి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధమునకు దారితీసినది. ఆ కేంద్రములలో ఉన్నది లాంతరు, పలక, పది మంది కూర్చుండు చోటు మాత్రమే. వాచకమున ఆ పాఠము చేర్చినవారు ఇంత ఊహించియుండరు.

ఇక ఖాజాగూడకు వత్తము. నేడు పరీక్ష కొరకు కాశీకో పూనాకో చూడనక్కరలేదు. బడి మానిన పెద్దవారు పదవ తరగతిని సార్వత్రిక విద్యాపీఠము ద్వారా వ్రాయవచ్చును. 1982లో స్థాపితమై, ఇప్పుడు అంబేద్కరు పేరు వహించుచున్న సార్వత్రిక విశ్వవిద్యాలయము జూబిలీహిల్సులో, ఖాజాగూడకు కొలది మైళ్లలోనే యున్నది. తలుపు ఇంత దగ్గర నుండియు అంట్లు తోము స్త్రీ దానిని చేరలేకపోవుటకు కారణములు చిన్నవి, మొండివి. ఆమెకు పొద్దున తీరికలేదు, సాయంకాలము తీరికలేదు. మధ్యాహ్నము ఒక గంటయో గంటన్నరయో దొరకును. అధికారులకు అనుకూలమని ఉదయము పదింటికి తెరచి, ఐదింటికి మూయుచు, మధ్యాహ్నమే భోజన విరామమిచ్చు కేంద్రము ఆమెకు పనికిరాదు. ఆమెతో చంటిబిడ్డ యుండును. బిడ్డను చూచు ఆయా లేనిచో అక్షరము సాగదు. దరఖాస్తు పూర్తిచేయుటకును, కావలసిన కాగితములు సమకూర్చుటకును తోడు కావలెను. మరియు భవనపు తాళపుచెవి ఎవరి కొంగున నున్నదన్నది అన్నిటికంటె ముఖ్యము. స్త్రీల పేర కట్టిన భవనములు పెండ్లి బల్లలతోను, ఎన్నికల జెండాకఱ్ఱలతోను నిండుట తెలియని యూరు తక్కువ.

ఇందు గ్రంథాలయము చేయదగిన పనియు కలదు. సార్వత్రిక పదవ తరగతి వాచకములను రెండు ప్రతులు చొప్పున తెప్పించి, వానిని చందా లేకయే స్త్రీలకు ఇంటికి ఇచ్చుట. మధ్యాహ్నము ఒంటిగంట మొదలు మూడింటివరకు చదువుగదిని వారికే విడిచిపెట్టుట. ఆ వేళ తాళపుచెవిని వారిలో ఒకరికి అప్పగించుట. ఈ మూటికిని క్రొత్త భవనము అక్కరలేదు, మంత్రివర్యులు వచ్చి ప్రారంభింపనక్కరలేదు. వచ్చు మాసపు కార్యవర్గ సమావేశమున ఒక తీర్మానము చాలును.