పడుగు తెగరాదు, చిక్కుపడరాదు

(షోలాపురమునందు తెలుగువారి సభలో ఒక నూలు వర్తకుడు చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను గాను. మెట్రిక్ వరకు చదివి నూలు వర్తకము చేసికొనుచున్నవాడను. ఒక తండ్రిగా ఆలస్యముగా నేర్చిన పాఠమును మాత్రమే మనవి చేసికొందును.

గత సంవత్సరము పదునాలుగేండ్ల మా పెద్దవాడు లెక్కల పరీక్ష తప్పెను. అంగడిలో నలుగురి యెదుట వానిపై చేయి చేసికొంటిని. నాటినుండి వాడు నోరెత్తలేదు. అది వినయమని మురిసితిని. వాడు రాత్రులు నిదురపోవుట లేదనియు, మూడు నెలలుగా తలనొప్పిని దాచుచుండెననియు తరువాత తెలిసెను. వైద్యుడు పరీక్షించి, "రోగమేమియు కనబడలేదు. నిద్ర లేదు, భయమున్నది" అనెను. నాకు తల వంగిపోయినది. భయపడు బిడ్డ తప్పునే కాదు, నొప్పిని గూడ దాచును.

అమెరికాలో డయానా బామ్రిండ్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు 1960 తరువాతి సంవత్సరములలో తలిదండ్రుల తీరులు మూడని వివరించెను. కారణము చెప్పక శాసించువారు ఒకరు. దేనికిని అడ్డు చెప్పనివారు ఒకరు. కట్టుబాటు నిలుపుచునే కారణము చెప్పి, బిడ్డ మాట వినువారు మూడవవారు. ఈ మూడవ తీరే మేలని ఆమె తేల్చెను. నేతవారికి ఇది క్రొత్త గాదు. పడుగును మితిమీరి బిగించిన తెగును, వదలిన చిక్కుపడును. చేతితో తాకి చూచియే గదా బిగువు సరిచేయుదుము!

మనకు మరియొక చిక్కు కలదు. ఇంట తెలుగు, పెక్కుమందికి బడిలో మరాఠీ. పిల్లల పుస్తకములు చదువలేక మార్కులు మాత్రమే అడుగుచున్నాము. "బిడ్డా, ఇయ్యాల బడిల ఏమైంది?" అని అడుగుటకు మరాఠీ రానక్కరలేదు.

పదుమూడు మొదలు పదునెనిమిదేండ్లవారికి రోజునకు 8 నుండి 10 గంటల నిద్ర కావలెనని వైద్యులు చెప్పుదురు. రోజునకు 60 నిమిషములైన ఆటపాటులు కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కావున రాత్రివేళ పిల్లలచేత అంగడి లెక్కలు వ్రాయింపకుడు. మా ఇంట రాత్రి పదిగంటలకు ఫోనులన్నియు బీరువాలో పెట్టుదుము. కారణము వానికి చెప్పితిని. నా ఫోను గూడ అందులోనే యుండును.

మావాడు లెక్కలలో నేటికిని మొదటివాడు గాడు. కాని తలనొప్పి వచ్చిన మొదట నాతోనే చెప్పుచున్నాడు. నాకది చాలును. సెలవు.