వెరోనాలో ఆ నాలుగు రోజులు

1562లో ఆర్థర్ బ్రూక్ అచ్చువేసిన కావ్యంలో నెలల తరబడి నడిచిన ప్రేమకథను షేక్‌స్పియర్ ‘రోమియో అండ్ జూలియట్’ నాటకంలో నాలుగైదు రోజులకు కుదించాడు. ఆదివారం రాత్రి విందులో చూపులు కలిశాయి. సోమవారం పెళ్లి. పెళ్లయిన గంటకే, మిత్రుడు మెర్కూషియో చావు చూసి రోమియో కత్తి దూశాడు. మెర్కూషియోను చంపిన జూలియట్ బంధువు టిబాల్ట్ కూలాడు, రోమియోకు నగర బహిష్కారం.

తొందరంతా కుర్రకారుదే అంటారు గానీ, నాకు కోపం జూలియట్ తండ్రి మీదే. పద్నాలుగేళ్లు నిండని పిల్లకు గురువారం మరొకరితో పెళ్లి ఖాయం చేశాడు. ఆమె సరేననగానే బుధవారానికి జరిపాడు! దాంతో, ఆ పెళ్లి తప్పించుకోవడానికి చనిపోయినట్టు కనిపించేలా చేసే మత్తుమందును ఆమె ఒకరోజు ముందే తాగింది. ఆ సంగతి రోమియోకు చేరవేయాల్సిన సన్న్యాసి ప్లేగు అనుమానంతో ఒక ఇంట్లో నిర్బంధంలో చిక్కుకున్నాడు. ఆమె నిజంగానే చనిపోయిందనుకుని రోమియో విషం తాగిన కాసేపటికే జూలియట్ కళ్లు తెరిచింది.