ఇసుక దిబ్బల వెంట ఒక రోజు



బరంపురంలోనో, ఇచ్ఛాపురంలోనో, ఛత్రపురంలోనో ఉండే మనకు సముద్రం పొరుగింటి లాంటిది. అయినా సముద్రానికి వెళ్లి వచ్చామంటే ఏం చేశామని? గోపాలపూర్‌లో బస్సు దిగి, అలల్లో కాళ్లు తడుపుకుని, పల్లీలు తిని, చీకటి పడేలోగా ఇల్లు చేరుకుంటాం. రోడ్డుకూ అలలకూ మధ్య ఉన్న ఇసుక దిబ్బను దాటి వెళతామే గాని, దాన్ని చూడం. ఈసారి సెలవు దొరికితే ఆ దిబ్బల కోసమే బయలుదేరండి. దక్షిణాన సోనపూర్ నుంచి ఉత్తరాన ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటు వరకు ఒక్క రోజులో చూసి రావచ్చు. జనవరిలో ఒక ఆదివారం నేనూ, పదేళ్ల మా మనవడూ అలాగే వెళ్లి వచ్చాం.

తెల్లవారుజామున బయలుదేరి ముందుగా సోనపూర్ చేరాం. బాహుదా నది ఒడిశాలో పుట్టి, ఇచ్ఛాపురం మీదుగా కొంత దూరం ఆంధ్రలో నడిచి, మళ్లీ ఒడిశాలోకి వచ్చి ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ గంజాం సీమ మద్రాసు రాజధానిలో ఉండేది. హద్దులు మారినా నది తన దారిన తాను పోతూనే ఉంది.

సరుగుడు తోట దాటగానే దిబ్బ ఎదురవుతుంది. సముద్రం వైపు వాలు మెల్లగా ఉంటుంది. ఊరి వైపు నిటారుగా ఉండి, కాలు పెడితే జారుతుంది. గాలి ఇసుకను ఒక వైపు నుంచి ఎక్కించి రెండో వైపుకు జారవిడుస్తుంది కాబట్టి ఆ ఆకారం వస్తుంది. అలా ఎగిరే ఇసుకను ఆపేవి మొక్కలే. అక్కడ నేల మీద ఊదారంగు పూలతో ఒక తీగ పాకి ఉంది. ఆకు మేక గిట్టలా రెండుగా చీలి ఉంటుంది. "తాతయ్యా, దీని పేరేమిటి?" అని మావాడు అడిగితే నాకు నోట మాట రాలేదు. చేపలు ఎండబెట్టుకుంటున్న ఒక ముసలమ్మ విని, "బాలబంది తీగ బాబూ, అది ఉన్నచోట ఇసుక కదలదు" అంది. గుండ్రని ముళ్లబంతిలా గాలికి దొర్లుకుపోతున్న దాన్ని చూపించి, "అవి రావణాసురుడి మీసాలు" అంది. అది ఒక ఇసుక గడ్డి విత్తనాల గుత్తి. గాలితోపాటు దొర్లుతూ విత్తనాలు రాలుస్తుంది.

ఒడియావాళ్లు నోలియాలని పిలిచే ఈ మత్స్యకారులు తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నవారు. మావాడు చదివేది ఒడియా బడిలో. వాడికి తెలియని మాటలు, నేను మరచిన మాటలు ఆ దిబ్బ మీద దొరికాయి. దిబ్బ వెనక ఆమె తవ్వుకున్న చెలమలో నీళ్లు కూడా తాగాం. తియ్యగా ఉన్నాయి. ఉప్పునీటి పక్కన మంచినీరు ఎలా వచ్చిందని మీకు సందేహం రావచ్చు. వాననీరు ఇసుకలోకి ఇంకి, తేలిక కాబట్టి అడుగునున్న ఉప్పునీటి పైన పొరలా నిలుస్తుంది. సముద్రమట్టానికి పైన ఇసుకలో మంచినీరు ఎంత ఎత్తున నిలిస్తే ఆ పొర అంత మందం.

అక్కడి నుంచి గోపాలపూర్ వచ్చాం. ఒకప్పుడు ఇక్కడి రేవు నుంచి మన ప్రాంతపు కూలీలు ఓడలెక్కి రంగూన్ వెళ్లేవారు. పాత రేవు శిథిలాలు ఈనాటికీ ఉన్నాయి. జనం ఉన్నచోట ఆగకుండా ఒడ్డు వెంట ముందుకు నడవండి. పోటు దిగే వేళ నడిస్తే తడి ఇసుక గట్టిగా ఉండి కాలు దిగబడదు. అమావాస్య, పౌర్ణమి తరవాతి రోజుల్లో అలలు మరింత పైదాకా వచ్చి వెళతాయి కాబట్టి ఏరుకోవడానికి ఎక్కువ దొరుకుతాయి.

ఆలిచిప్పలు ఏరేటప్పుడు కొన్నింటికి దారం ఎక్కించడానికి చేసినట్టు గుండ్రని చిల్లు ఉండడం గమనించండి. మనిషి చేసిన చిల్లు కాదది. ఇసుకలో తిరిగే ఒక రకం నత్త చిప్పకు చిల్లు పొడిచి లోపలి జీవిని తిని వదిలేసిన గుర్తు. తెల్లగా, తేలికగా, పడవ ఆకారంలో ఉండేది సముద్రపు నురుగు. ఆయుర్వేద దుకాణాల్లో సముద్రఫేనం పేరుతో అమ్ముతారు. నిజానికి అది నురుగు కాదు, ఒక సముద్రజీవి ఒంట్లోని పెంకు. ఒక హెచ్చరిక. శంఖం తీసుకునేముందు తిప్పి చూడండి. లోపల జీవి ఉంటే, సన్యాసి పీత కాపురముంటే, తిరిగి నీళ్లలో వదలండి. కొన్ని శంఖజాతులకు 2001 నుంచి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, వాటిని అమ్మడం నేరం.

ఛత్రపురం దగ్గర ఒడ్డున నల్లని చారలు కనిపిస్తాయి. అది మురికి అనుకోకండి. ఇల్మనైట్ అనే బరువైన ఖనిజం. అల తేలిక ఇసుకను వెనక్కి లాక్కుపోయినప్పుడు ఇది మిగిలిపోతుంది. మధ్యలో ఎర్రగా మెరిసేది గార్నెట్. తెల్లరంగు తయారీకి వాడే టైటానియం ఈ నల్ల ఇసుకలోదే. అందుకే ఇక్కడ కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈ ఇసుకను తవ్వి శుద్ధి చేస్తోంది. ఈ ప్రాంతపు గట్ల మీద మొగలి పొదలు కూడా చూడండి. వానాకాలంలో పూసే మొగలిపూల అత్తరు గంజాం పేరును దేశమంతా తీసుకుపోయింది.

సాయంత్రానికి ఋషికుల్య సంగమం చేరాం. ఇక్కడ ఆలివ్ రిడ్లే తాబేళ్లు మూకుమ్మడిగా గుడ్లు పెడతాయని 1994లో గుర్తించారు. 2023లో ఆరు లక్షలకు పైగా వచ్చాయి. సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో రాత్రివేళ వచ్చి ఒక్కొక్కటి వందకు పైగా గుడ్లు ఇసుకలో కప్పిపెట్టి వెళతాయి. దాదాపు ఏడు వారాలకు పిల్లలు బయటికొచ్చి, వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి. అందుకని ఆ రోజుల్లో దీపాలు వేయకండి, అటవీశాఖవారు కట్టిన కంచె దాటకండి. మాకు ఆ రోజు ఒక చచ్చిన తాబేలు కనిపించింది. పెద్ద వలల్లో చిక్కుకుంటే ఊపిరాడక ఇలా కొట్టుకొస్తాయి. మావాడు చాలాసేపు దాని పక్కనే నిలబడిపోయాడు. ఆ పక్కనున్న పొడంపేటలో సముద్రం ఇళ్లనే మింగింది. జనం వెనక్కి తరలిపోవలసి వచ్చింది.

ఇప్పుడు నా తప్పు ఒకటి మీకు చెప్పాలి. మా మేనత్తగారి ఊరు సముద్రపు ఒడ్డునే ఉంది. నా చిన్నప్పుడు ఊరికి అడ్డంగా తాటిచెట్టు మొదలంత ఎత్తు దిబ్బ ఉండేది. మా అత్త కొత్త ఇల్లు కడుతుంటే పునాదులు పూడ్చడానికి ఆ దిబ్బ ఇసుకనే బండ్ల మీద తోలాం. నేనే ముందుండి తోలించాను. మమ్మల్ని చూసి మరి నలుగురు తోలారు. దిబ్బకు గండి పడింది. ఊరికే పడి ఉన్న ఇసుక కదా అనుకున్నాం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటిన రాత్రి, సముద్రపు నీరు సరిగ్గా ఆ గండిలోంచే ఊళ్లోకి వచ్చింది. దిబ్బ నిలిచిన వైపు ఇళ్లలోకి నీరు రాలేదు. మా అత్త నూతిలో నీరు ఉప్పగా మారింది. కాపీ కలిపినా తాగలేకపోయేవాళ్లం. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేదనిపిస్తుంది.

అందుకే శ్రోతలారా, దిబ్బ ఎక్కేటప్పుడు జనం నడిచిన బాట మీదే నడవండి, బాలబంది తీగను తొక్కకండి. జీపును దిబ్బ మీదికి ఎక్కించకండి. మంచినీళ్లు, చెప్పులు, తలకు తువ్వాలు మరవకండి. నదీ సంగమాల దగ్గర నీళ్లలో దిగకండి, అక్కడ ప్రవాహం మోసం చేస్తుంది. పిల్లల్ని తప్పక తీసుకువెళ్లండి. అక్కడ కనిపించే పెద్దవాళ్లను తెలుగులో పలకరించండి, ప్రతి మొక్క పేరూ అడగండి.

మేం ఇంటికి తెచ్చినవి చిల్లున్న చిప్పలు నాలుగు, సముద్రపు నురుగు ఒకటి. మావాడు వాటి పేర్లు ఒక కాగితం మీద తెలుగులో రాసుకున్నాడు. ఒకటి రెండు గుణింతాలు తప్పాయి. అవి దిద్దుకోవచ్చు. దిబ్బ ఒకసారి పోతే దిద్దుకోలేం.