పరుగు ఆమెది, పట్టా ఎవరిది?

(స్త్రీల శ్రమపై జరిగిన కార్యకర్తల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల సంపాదన గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. బీడీలు చుట్టే వాళ్ళ గురించో, డ్వాక్రా సంఘాల గురించో చెబుతాననుకుని ఉంటారు. నేను ఈ రోజు కెన్యాలో మారథాన్ పరిగెత్తే స్త్రీల గురించి మాట్లాడతాను. అంత దూరపు సంగతులు మనకెందుకని అనిపించవచ్చు. "ఆడది సంపాదిస్తే ఇంట్లో విలువ పెరుగుతుంది, దెబ్బలు తగ్గుతాయి" అని మనం సంఘాల్లో ఏళ్ళ తరబడి చెబుతున్నాం. నేనూ చెప్పాను. ఆ మాటలో ఉన్న లోపం ఇంత స్పష్టంగా కనిపించే చోటు నాకు ఇంకొకటి తారసపడలేదు. అందుకే ఈ ప్రస్తావన.

కెన్యాలో రిఫ్ట్ లోయ అంచున ఇటెన్ అనే చిన్న ఊరుంది. సముద్ర మట్టానికి సుమారు 2400 మీటర్ల ఎత్తు. గాలిలో ప్రాణవాయువు పలచగా ఉంటుంది కాబట్టి అక్కడ ఉండి పరిగెత్తేవారికి ఎర్ర రక్తకణాలు పెరుగుతాయి. న్యూయార్క్, లండన్, బెర్లిన్, షికాగో నగరాల్లో గెలిచే జట్లు ఇటెన్, ఎల్డొరెట్, కప్తగాత్ చుట్టుపక్కల ఎర్రమట్టి దారుల్లోనే తయారవుతాయి. ఒక మారథాన్‌కి మూడు నెలలకు పైగా సాధన. తెల్లవారుజామున ఒక పరుగు, సాయంత్రం ఇంకొకటి, వారానికొకసారి ముప్పై నలభై కిలోమీటర్ల దీర్ఘ పరుగు. అన్నీ కలిపితే వారానికి సుమారు 200 కిలోమీటర్లు. ఈ పనికి కావలసిన ముడిసరుకు తిండి, నిద్ర. మధ్యాహ్నం కునుకు తీయడం కూడా వీళ్ళ వృత్తిలో పనే.

మరి ఆ కునుకు ఎవరికి దక్కుతుంది? కప్తగాత్ శిబిరంలో ఒలింపిక్ విజేత ఎలియుడ్ కిప్‌చోగే కూడా వంతుల ప్రకారం మరుగుదొడ్లు కడుగుతాడని పత్రికలు ఎంతో మురిపెంగా రాశాయి. (మగవాళ్ళకు ఆ పని చేతనవుతుందని రుజువైంది, సంతోషం.) అయితే వారమంతా అతను శిబిరంలో ఉండగా పిల్లల్నీ ఇంటినీ చూసుకున్నది ఎల్డొరెట్‌లో ఉన్న భార్య. ఆమె వంతు గురించి ఎవరూ రాయలేదు. పరిగెత్తే మనిషే స్త్రీ అయితే లెక్క తిరగబడాలి కదా! తిరగబడలేదు. ఆడా మగా కలిసి ఉండే శిబిరాల్లో వంటా ఉతుకుళ్ళూ ఆడవాళ్ళ నెత్తినే పడుతున్నాయని లోర్నా కిప్లగాట్ అనే క్రీడాకారిణి 90ల చివర ఇటెన్‌లో స్త్రీల కోసం ఒక శిక్షణ కేంద్రం కట్టించింది. తన పరుగు సంపాదనతోనే కట్టించింది.

ఇక డబ్బు సంగతి. మారథాన్ పరిగెత్తే వాళ్ళు ఏడాదికి రెండు, మహా అయితే మూడు పందేల్లోనే పాల్గొనగలరు. అంటే ఒక్క ఆదివారం ఉదయం రెండున్నర గంటలు ఆరు నెలల కూలిని నిర్ణయిస్తుంది. న్యూయార్క్‌లో 2021లో విజేతకు 1,00,000 డాలర్లు, స్త్రీ పురుషులిద్దరికీ సమానంగా. అందులో మేనేజరు వాటా సాధారణంగా నూటికి పదిహేను. మాదకద్రవ్యాల పరీక్షల ఫలితాలు వచ్చాకే సొమ్ము చేతికొస్తుంది. ఊళ్ళో ఆ డబ్బు భూమిగా, అద్దె ఇళ్ళుగా, పాడి ఆవులుగా మారుతుంది. చాలా సందర్భాల్లో కోచ్ భర్తే. పందేలు చూసేదీ, బ్యాంకు పని చూసేదీ, రిజిస్ట్రారు దగ్గరికి వెళ్ళేదీ అతనే. ఆమె పరిగెత్తాలి, పడుకోవాలి కాబట్టి ఆ పనులు తాను చేస్తున్నానంటాడు. అందరినీ ఒక గాటన కట్టను. భార్య పరుగుకి మనస్ఫూర్తిగా తోడు నిలిచినవాళ్ళూ ఉన్నారు. కానీ ఈ ఏర్పాటులో ఆమె సంపాదన ఆమె చేతికి వచ్చి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. అతని మంచితనమే ఆమెకున్న భద్రత.

ఆగ్నెస్ తిరోప్ పేరు కొందరు విని ఉంటారు. 2017లో, 2019లో ప్రపంచ పోటీల్లో 10,000 మీటర్ల కాంస్యం గెలిచింది. 2021 సెప్టెంబరు 12న జర్మనీలో స్త్రీలు మాత్రమే పరిగెత్తిన పందెంలో 10 కిలోమీటర్లు 30 నిమిషాల 1 సెకనులో పూర్తిచేసి ప్రపంచ రికార్డు సృష్టించింది. నెల తర్వాత, అక్టోబరు 13న, ఇటెన్‌లో తన ఇంట్లోనే కత్తిపోట్లతో చనిపోయి కనిపించింది. వయసు 25. భర్తపై హత్యానేరం మోపారు.

అప్పటికి న్యూయార్క్ మారథాన్‌కి పాతిక రోజులే ఉంది. కెన్యా స్త్రీలు ఆ దుఃఖంతోనే మిగిలిన సాధన పూర్తిచేసి విమానం ఎక్కారు. పందేనికి ముందు ఆ చివరి రెండు మూడు రోజులు విచిత్రంగా ఉంటాయి. విలేఖర్ల సమావేశం, నియమాలు వివరించే సమావేశం, దారిలో తాగే నీళ్ళ సీసాలు ఎవరివి వాళ్ళు కలుపుకుని గుర్తులు కట్టి అప్పగించడం, కాళ్ళు కదపకుండా హోటలు గదిలో కూర్చోవడం. నవంబరు 7న సెంట్రల్ పార్కులో పెరెస్ జెప్‌చిర్చిర్ 2 గంటల 22 నిమిషాల 39 సెకన్లలో గెలిచింది. అయిదు సెకన్ల వెనక వయోలా చెప్టూ. వయోలాకి అది మొదటి మారథాన్. తిరోప్ స్నేహితురాలు కూడా.

న్యూయార్క్ అన్నాను కాబట్టి ఒక పాత ముచ్చట. 1972లో ఇదే పందెంలో స్త్రీలు మగవాళ్ళ కంటే 10 నిమిషాలు ముందుగా, విడిగా బయలుదేరాలని నియమం పెట్టారు. ఆరుగురు స్త్రీలు ప్లకార్డులు పట్టుకుని గీత దగ్గరే 10 నిమిషాలు బైఠాయించి, మగవాళ్ళతో పాటు లేచి పరిగెత్తారు. నిర్వాహకులు వాళ్ళ సమయాలకు 10 నిమిషాలు కలిపారు! 2002 నుంచి అక్కడే అగ్రశ్రేణి స్త్రీలను ముందుగా పంపుతున్నారు. ఇప్పుడు దాన్ని స్త్రీలు ఆహ్వానిస్తున్నారు, ఎందుకంటే మగవాళ్ళ గుంపులో కలిసిపోకుండా వాళ్ళ పోటీ అందరికీ కనిపిస్తోంది. విడిగా ఉండడం మంచిదా చెడ్డదా అని మన సంఘాల్లో గంటల తరబడి వాదించుకునే వాళ్ళు ఈ రెండు సంవత్సరాల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇంకొకామె రెబెక్కా చెప్తెగేయి, ఉగాండా దేశస్థురాలు. శిక్షణకు దగ్గరగా ఉంటుందని సరిహద్దు దాటి కెన్యాలో స్థలం కొని ఇల్లు కట్టుకుంది. 2024 ఆగస్టు 11న పారిస్ ఒలింపిక్ మారథాన్ పరిగెత్తి 44వ స్థానంలో నిలిచింది. మూడు వారాల తర్వాత ఒక ఆదివారం, చర్చి నుంచి పిల్లలతో ఇంటికి వస్తే, ఒకప్పటి సహచరుడు ఆమెపై పెట్రోలు పోసి నిప్పంటించాడు. సెప్టెంబరు 5న ఎల్డొరెట్ ఆసుపత్రిలో మరణించింది. వయసు 33. తగాదా ఆ స్థలం గురించే. పెట్రోలు, కిరసనాయిలు అనగానే మన కళ్ళ ముందు ఎన్ని ముఖాలు మెదులుతాయో నేను చెప్పనక్కరలేదు. కట్నం తేలేదని కాల్చడం మనం చూశాం. ఇక్కడ సంపాదించుకున్నందుకు కాల్చారు.

డబ్బున్న దేశాల్లో అంతా బాగుందని కాదు. బిడ్డ పుట్టిన ఏడు నెలలకే, 2011లో బోస్టన్ మారథాన్ పరిగెత్తిన అమెరికన్ కారా గౌచర్, ఆ సాధన రోజుల్లో పసివాడు ఆసుపత్రిలో ఉంటే పరుగుకు వెళ్ళక తప్పలేదని తర్వాత చెప్పుకుంది. పరిగెత్తని నెలలకు బూట్ల కంపెనీలు డబ్బు ఇచ్చేవి కావు. అలిసియా మోంటానో, ఆలిసన్ ఫెలిక్స్ కూడా 2019లో నోరు విప్పాకే నైకీ కంపెనీ గర్భం కారణంగా 18 నెలల పాటు చెల్లింపులు తగ్గించబోమని ఒప్పందాలు మార్చింది.

వయోలా చెప్టూ, జోన్ చెలిమో మొదలైన క్రీడాకారిణులు ఆగ్నెస్ మరణం తర్వాత 'తిరోప్స్ ఏంజెల్స్' అనే సంస్థ పెట్టుకున్నారు. హింసలో ఉన్న అమ్మాయిలతో మాట్లాడడం, బళ్ళకు వెళ్ళి చెప్పడం వాళ్ళ పని. కెన్యాలో 2013 వైవాహిక ఆస్తి చట్టం ఇంటి చాకిరీని, పిల్లల పెంపకాన్ని కూడా ఆస్తికి భార్య చేర్చిన వాటాగా గుర్తించింది. మనకు అలాంటి చట్టం లేదు. అయినా అక్కడ పరిగెత్తి సంపాదించిన స్త్రీకే తన ఇంటి మీద హక్కు కోసం ప్రాణం పోయిందంటే, చట్టానికీ పట్టాకీ మధ్య ఎంత దూరముందో చూడండి.

మన సలహా కేంద్రానికి వచ్చే స్త్రీని ఏమడుగుతాం? కొట్టాడా, ఎన్నిసార్లు, సాక్షులున్నారా. పాస్‌బుక్కు ఎవరి దగ్గరుంది, కార్డు నంబరు ఎవరికి తెలుసు, స్థలం కాగితం ఎవరి పేరున ఉంది, సంఘం అప్పు ఎవరు ఖర్చు పెట్టారు అన్నవి మన ఫారంలో లేవు. నాలుగు గడులు చేర్చి ఒక కొత్త ఫారం రాసి తెచ్చాను. భోజనాల తర్వాత చూద్దాం, కొట్టివేతలు మీరే చేయండి. ఈలోగా ప్రశ్నలుంటే అడగండి.