కానరాని జీవమును వెదకు విద్య

(ఒక పఠనమందిర సభలో చేసిన ప్రసంగ పాఠము)



భూమికి వెలుపల జీవమున్నదా యను ప్రశ్న మనకు క్రొత్తది కాదు. పదునాలుగు లోకములను గూర్చి చిన్ననాటనుండి విని పెరిగినవారము మనము. కాని విన్నదానిని నమ్ముట వేఱు, పరీక్షించి తెలిసికొనుట వేఱు. ఈ పరీక్షను ఒక క్రమమైన విద్యగా నేర్పుటకు అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయము పూనుకొని పాతికేండ్లు గడచినవి. ఆ విద్యకు ఖగోళ జీవశాస్త్రమని పేరు. అచ్చటి విద్యార్థు లేమి సాధించిరో, అందుండి మనము నేర్వదగిన దేమో మీకు విన్నవింప దలంచితిమి.

మొదటనే ఒక ఆక్షేపణము రావచ్చును. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు, కంటికి కనబడని జీవమునకు శాస్త్రమేమి, ఆ శాస్త్రమునకు పట్టమేమి అని లోకులు నవ్వవచ్చును. నవ్వినవారు పామరులు మాత్రమే కారు. తన విషయమొకటి కలదని ఇంకను రుజువు చేయజాలని శాస్త్రమిదియని 1964లో జార్జి గేలార్డ్ సింప్సన్ అను సుప్రసిద్ధ జీవపరిణామ శాస్త్రజ్ఞుడే ఎత్తిపొడిచెను. ఆ మాటను నేటికిని త్రోసిపుచ్చ వీలులేదు. భూమికి వెలుపల ఒక్క సూక్ష్మజీవి యైనను ఇంతవరకు నిస్సంశయముగా దొరకలేదు. అంగారక గ్రహమునుండి వచ్చిపడిన ఒక ఉల్కాశిలలో ప్రాచీన జీవచిహ్నములు కనబడెనని 1996లో కొందరు శాస్త్రజ్ఞులు ప్రకటింపగా లోకమెల్ల సంభ్రమించెను. అట్టి చిహ్నములు జీవము లేకయే ఏర్పడగలవని పిమ్మట పలువురు చూపిరి. అట్లయిన ఈ విద్య కింత శ్రమ యేల, ఇంత ధనవ్యయ మేల? దీనికి సమాధానము ఆ విద్యార్థులు చేసిన పనులలోనే యున్నది.

సియాటిల్ నగరమునందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున 1990ల చివర ఈ శిక్షణ ఆరంభమయ్యెను. అచ్చటి ఏర్పాటు గమనింపదగినది. విద్యార్థి ఖగోళశాస్త్రమునందో, సముద్రశాస్త్రమునందో, భూగర్భశాస్త్రమునందో, జీవశాస్త్రమునందో మొదట ప్రవేశించును. తన శాఖను విడువడు. కాని దానితోపాటు తక్కిన శాఖలవారితో గలసి చదువవలెను. తనది కాని శాఖలో కొంతకాలము పరిశోధనయు చేయవలెను. నక్షత్రములను చూచువాడు రాళ్లను పగులగొట్టును. సముద్రపు బురదలోని సూక్ష్మజీవులను పెంచువాడు గ్రహముల వాయుమండలమును లెక్కించును. కడపట ఆతడు పొందు డాక్టరు పట్టముపై ఆ రెండు విద్యల పేర్లును నిలుచును.

ఇతర లోకములను వెదకువారు మన భూమిలోని పాతరాళ్లను తడవుట యేల యని మీరడుగవచ్చును. జీవమున్న గ్రహము మనకు తెలిసినంతవరకు ఒక్కటే. కాని ఆ యొక్క గ్రహము ఎల్లప్పుడు నిట్లే యుండలేదు. 270 కోట్ల సంవత్సరముల క్రిందటి భూమి గాలిలో మనము పీల్చు ప్రాణవాయువు దాదాపు లేదు. చెట్టు లేదు, పురుగు లేదు. సూక్ష్మజీవులు మాత్రమే యుండెను. అది మఱియొక గ్రహమే యనవచ్చును. దాని నెఱిగినచో, దూరపు గ్రహములలో నేమి వెదకవలెనో తెలియును.

ఆ కాలమున, నేటి దక్షిణాఫ్రికాలోని వెంటర్స్‌డార్ప్ శిలలున్న చోట, తడిసిన అగ్నిపర్వతపు బూడిదపై వానచినుకులు పడినవి. ఆ బూడిద రాయిగా మారి, చినుకులు చేసిన చిన్న గుంటలు నేటికిని నిలిచియున్నవి. గాలి దట్టమైనచో చినుకు మెల్లగా పడును, గుంట చిన్నదగును; గాలి పలుచనైనచో వేగముగా పడును, గుంట పెద్దదగును. ఇట్టి గుర్తులనుబట్టి పూర్వపు గాలి యెంత దట్టమో తెలిసికొనవచ్చునని చార్లెస్ లయెల్ 1851లోనే సూచించెను. ఆ సూచనను కార్యరూపమున పెట్టినవాడు ఈ విశ్వవిద్యాలయపు పరిశోధక విద్యార్థి సంజోయ్ సోమ్. ఆయన ఐస్‌లాండునుండియు హవాయినుండియు వచ్చిన బూడిదను పళ్లెములలో పరచి, 27 మీటర్ల యెత్తునుండి నీటిచుక్కలను విడిచి, ఏర్పడిన గుంటలను కొలిచి, రాతిగుంటలతో పోల్చెను. ఆనాటి గాలి సాంద్రత నేటిదానికి రెండింతలకు మించియుండదని 2012లో ఆయనయు సహచరులును ప్రకటించిరి. 2016లో ఆస్ట్రేలియాలోని ప్రాచీన లావాలో చిక్కుకొన్న బుడగల పరిమాణమును పరీక్షించి, ఆనాటి వాయుపీడనము నేటిదానిలో సగమునకన్న తక్కువయని మఱింత స్పష్టముగా చెప్పిరి. ఆనాటి సూర్యుడు నేటికన్న ఐదవవంతు మందముగా ప్రకాశించుచుండెను. అయినను భూమిపై నీరు నీరుగానే యుండెను. గాలి మిక్కిలి దట్టముగా నుండుటయే దానికి కారణమేమో యను ఊహకు ఈ చినుకులును బుడగలును అడ్డు నిలిచెను.

మఱియొకరి కృషి మన రైతుకు దగ్గరది. వరి కోసిన మాగాణిలో మన రైతు మినుమును, పెసరను చల్లును. వాని వేళ్లబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని ప్రాణులకు పనికివచ్చు రూపమునకు మార్చునని మన మెఱుగుదుము. ఈ పని భూమిపై ఎప్పుడు మొదలయ్యెను? ఈ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమునకు పరిశోధించిన ఈవా స్ట్యూకెన్ అను విదుషియు ఆమె సహచరులును దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా దేశముల ప్రాచీన శిలలను శోధించి, 320 కోట్ల సంవత్సరముల క్రిందటనే సూక్ష్మజీవు లీ విద్యను నేర్చియుండెనని 2015లో చూపిరి. చేనికి సత్తువనిచ్చు ఈ పని అంత ప్రాచీనమని తెలిసికొనుట వ్యర్థమైన యెఱుక యని ఎవ్వరనగలరు?

ఇక నాకసమునకు పోదము. మనకు దాదాపు 40 కాంతిసంవత్సరముల దూరమున ట్రాపిస్ట్-1 అను చిన్న యెఱ్ఱని నక్షత్రము కలదు. దానిచుట్టు ఏడు గ్రహములు తిరుగుచున్నవని 2017 ఫిబ్రవరిలో బెల్జియము దేశపు శాస్త్రజ్ఞుల నాయకత్వమున ప్రకటింపబడెను. ఏడవ గ్రహము ఒక్కమాఱు మాత్రమే నక్షత్రమున కడ్డముగా కనబడుటచే దాని పరిభ్రమణకాలము తెలియరాలేదు. తక్కిన గ్రహముల కాలములలో తాళగతివంటి సరియైన నిష్పత్తి యొకటి యుండుటను బట్టి, ఏడవదానికి ఆరు కాలములు మాత్రమే సాధ్యములని లెక్కింపబడెను. అందు ఐదు వెనుకటి పరిశీలనలచే తొలగిపోయెను. మిగిలిన ఆరవది సుమారు 19 దినములు. కెప్లర్ అంతరిక్ష దూరదర్శిని పంపిన లెక్కలలో సరిగా అదియే కనబడెను. ఈ పరిశోధనకు నాయకుడు రోడ్రిగో లూగర్, అప్పటికి ఈ విశ్వవిద్యాలయపు విద్యార్థి.

ఈ లూగరే 2015లో చేసిన మఱియొక పని మాకు మిక్కిలి ముచ్చట గొలిపినది. ఇట్టి చిన్న నక్షత్రములు తమ బాల్యమున చిరకాలము అధికముగా మండును. ఆ వేడిమికి దగ్గరి గ్రహములలోని నీరు ఆవిరియై విచ్ఛిన్నమగును. తేలికయైన ఉదజని ఆకాశమున కెగిరిపోవును. ప్రాణవాయువు గ్రహముపై మిగిలిపోవును. అనగా, ప్రాణి యొక్కటియు లేని చోట ప్రాణవాయువు సమృద్ధిగా నుండవచ్చును! దూరదర్శినిలో ప్రాణవాయువు కనబడినంతనే జీవము దొరకెనని చంకలు గుద్దుకొనరాదని ఆయన, ఆయన గురువు రోరీ బార్న్స్ హెచ్చరించిరి. జీవమును వెదకుటకే చదువుచున్న యువకుడు తాను మోసపోవు మార్గమును తానే ముందుగా కనిపెట్టి లోకమునకు చాటెను. తనకు ప్రియమైన ఆశనే మొదట శంకింపవలెనని నేర్పు విద్యకన్న మేలైన విద్య యేమి కలదు? సింప్సన్ మహాశయుని ఆక్షేపణమునకు మాకు తోచిన ప్రత్యుత్తర మిదియే.

ఇది పరదేశపు కథ మాత్రమే యని తలంపవలదు. 2005 ఏప్రిల్ 20వ తేదీన మన హైదరాబాదునుండి, టాటా మౌలిక పరిశోధనసంస్థవారి బెలూను కేంద్రమునుండి, 459 కిలోగ్రాముల బరువుగల పరికరములతో ఒక బెలూను మింటి కెగసెను. భారత అంతరిక్ష పరిశోధనసంస్థ పూనికతో, జయంత నార్లీకరు మున్నగు పెద్దల నాయకత్వమున నడచిన ప్రయోగమది. 20 మొదలు 41 కిలోమీటర్ల యెత్తులలోని గాలిని పట్టి తెచ్చి, హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమునను, పుణెలోని జాతీయ కణశాస్త్ర కేంద్రమునను వేర్వేరుగా పరీక్షించిరి. 12 బాక్టీరియా సమూహములును, 6 బూజుజాతి సమూహములును పెరిగెను. వానిలో మూడు బాక్టీరియాలు అంతకుముం దెవ్వరు నెఱుగని జాతులు. ఒకదానికి ఫ్రెడ్ హాయిల్ పేరును, ఒకదానికి ఇస్రో పేరును, ఒకదానికి ఆర్యభటుని పేరును పెట్టిరి. ఇంత ఘనత చేకూరినను, అవి భూమికి వెలుపలినుండి వచ్చినవని దీనివలన నిర్ధారణ కాలేదని 2009లో వారే ప్రకటించిరి. ఆ మాట చెప్పుటకు ఎంత నిగ్రహము కావలయునో యోచింపుడు. క్రొత్త జాతులను కనుగొనుటకన్న ఆ నిగ్రహమే మాకు గర్వకారణము.

ఈ బెలూనును ఎగురవేసినవారిలో ఖగోళజ్ఞులును, యంత్రజ్ఞులును, జీవశాస్త్రజ్ఞులును కలరు. ఒక్క శాఖవారివలన ఆ పని కాకపోయెడిది. కాని మన పిల్లల కిట్టి కలయిక చదువులో ఎంతవరకు లభించుచున్నది? పదవ తరగతి దాటగానే ఎం.పి.సి.యా, బై.పి.సి.యా యను ప్రశ్న చిరకాలముగా ప్రతి యింటిలోను వినబడుచున్నది. పదునైదేండ్ల బాలుడు గణితమువైపు తిరిగి జీవశాస్త్రమునకు నమస్కారము పెట్టును. బాలిక జీవశాస్త్రమువైపు తిరిగి గణితమును మఱచును. ఆపై వారిద్దరు ఒకే ప్రాంగణమున చదివినను, ఒకరి ప్రశ్న మఱియొకరికి వినబడదు. వానచినుకును లెక్కింపవలెనన్న భౌతికశాస్త్రమును, భూగర్భశాస్త్రమును, ఆకాశమును ఒక్కచోట చూడగల కన్ను కావలయును గదా!

అందుకు పెద్ద దూరదర్శినులు కొనవలెనని మేము కోరుట లేదు. ఒక శాఖ విద్యార్థి యొక యాఱునెలలు మఱియొక శాఖ ప్రయోగశాలలో పనిచేసి, ఆ పనికి తన పట్టమున లెక్క పొందునట్లు మన విశ్వవిద్యాలయముల పాలకులు నియమము చేయుదురు గాక. ఇద్దఱు ఆచార్యులు ఒక తరగతిలో కూర్చుండి ఒక ప్రశ్నను చర్చింతురు గాక. తలిదండ్రులారా, మీ బిడ్డ జీతము తేని ప్రశ్న యొకటి అడిగినప్పుడు వెంటనే నోరు మూయింపకుడు.

ఇతర లోకములలో జీవము దొరకునో లేదో, మన జీవితకాలమున తేలునో లేదో మేము చెప్పజాలము. కాని తెలియనిదానిని తెలియదని ఒప్పుకొని, తెలియువఱకు నోర్మితో వెదకు యువజనులు గల దేశము ఏ విద్యలోను వెనుకబడదు. అట్టివారు మనలోనుండియు మఱింత మంది బయలుదేరుదురు గాక.