కిరాయి యిండ్లు – మన కర్తవ్యము

(పఠనమందిరమున జరిగిన సభలో చేసిన యుపన్యాసము)



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో పుట్టి పెరిగినవారికి నేనిప్పుడు చెప్పబోవు దృశ్యము క్రొత్తది కాదు. కిరాయి యింటిలో కాపురమున్న నేతకార్మికుడొకడు ఆసుపత్రిలో కన్నుమూయును. శవమును ఇంటికి తెచ్చుటకు యజమాని ఒప్పుకొనడు. ఇంటికి కీడనును, కొన్ని నెలలు ఇల్లు విడిచి పోవలసివచ్చుననును. భార్యయు బిడ్డలును శవముతో వీథిలోనే ఒక గుడారము క్రింద కూర్చుందురు. కర్మకాండ ముగియువరకు ఆ గుడారమే వారికి ఇల్లు. ఏండ్ల తరబడి నెల తప్పక కిరాయి కట్టినవానికి చచ్చిననాడు గడప లేదు.

ఇతరులను నిందించుటకు నేనిది చెప్పుటలేదు. కొన్నియేండ్ల క్రిందట అట్టి గుడారము నా యింటి ముందే పడినది. వలదన్నవాడను నేనే. మా పెద్దలు చెప్పిరని, వాడుక యున్నదని నాకు నేను సమాధానము చెప్పుకొంటిని. ఆ రాత్రి వాన కురిసినది. ఇంతకంటె దానిని గూర్చి చెప్పజాలను.

ఇల్లు లేనివారనగానే బస్సు అడ్డాలోను, గుడి మెట్లమీదను పండుకొనువారే మనకు తోతురు. వారికి రాత్రి ఆశ్రయము కల్పించుట మన విధియే. కాని ఇండ్ల కరవులో అధికభాగము గోడల చాటున నున్నది. 2012లో కేంద్రప్రభుత్వము నియమించిన నిపుణుల సంఘము దేశములోని పట్టణములకు సుమారు 1 కోటి 88 లక్షల ఇండ్లు తక్కువపడుచున్నవని లెక్కగట్టినది. అందులో బొత్తిగా నీడలేని కుటుంబములు 5 లక్షల పైచిలుకు మాత్రమే. దాదాపు 1 కోటి 50 లక్షల కుటుంబములు ఇరుకు కొంపలలో క్రిక్కిరిసి యున్నవి. 2011 జనాభా లెక్కలలోనేమో పట్టణములందు 1 కోటి 10 లక్షలకు పైగా ఇండ్లు ఖాళీగా నుండెను! మన వీథులలో దుబాయి సొమ్ముతో కట్టి తాళము వేసిన మేడలు చూచువారికి ఇది వింత కాదు. ఎడారిలో చెమటోడ్చి కట్టుకొన్నవారిని నేను తప్పుపట్టను. తాళము మాత్రము తాళమే.

ఇరుకన నేమో తెలియవలెనన్న బీడీలు చుట్టు ఇల్లాలి గది చూడుడు. ఒడిలో చాట, ఒక మూల తునికాకు, ఒక మూల తంబాకు, పొయ్యి, దాని ప్రక్కనే నిద్రించు పసిబిడ్డ. సిరిసిల్లలో సాంచెల మోత గోడ కావలనే యుండును. తంబాకు వాసనయని ఇల్లు ఖాళీ చేయింపబడిన స్త్రీ మరల గది వెదకుకొనుటకు పోయిన దినములలో చాట నడవదు, కూలియు రాదు.

ప్రభుత్వములు ఏమియు చేయలేదనుట అన్యాయము. సిరిసిల్ల చేరువ మండెపల్లిలో 1,320 రెండు పడకగదుల ఇండ్లు 2021లో ప్రారంభింపబడినవి. జగిత్యాలవారికై నూకపల్లిలో నాలుగువేలకు పైగా కట్టిరి. 2024 మార్చి 11న భద్రాచలమున ఇందిరమ్మ ఇండ్ల పథకము ఆరంభమైనది. ఇంటికి 5 లక్షల రూపాయల సాయము. కాని తొలివిడత సొంత స్థలము కలవారికే. కిరాయిదారునకు స్థలమెక్కడిది? పట్టణములో భూమి అతని కూలికి అందదు. అంతకుముందు లాటరీ వచ్చినది. ఒకే వాడలో ఒకనికి చీటి తగులును, పదిమందికి తగులదు. తగిలినవాడు వెళ్లిపోవును, తగులనివారు ఒకరినొకరు అనుమానించుకొందురు. దరఖాస్తు పట్టుకొని ఒంటరిగా నిలుచువానికి ఇట్లే జరుగును.

ఒంటరిగా నిలువనివారి కథ మనవారిదే యొకటి కలదు. మన ప్రాంతమునుండి పొట్టచేతబట్టుకొని షోలాపురము చేరిన పద్మశాలీల సంగతి మీరెరుగుదురు. మగవారు మగ్గములలోను, ఆడువారు బీడీలలోను బ్రతికిరి. మురికివాడలలో కిరాయికి నుండిరి. అచ్చటి తెలుగు కార్మిక నాయకుడు, మూడు పర్యాయములు మహారాష్ట్ర శాసనసభకు ఎన్నికైన నర్సయ్య ఆడమ్, ఆ స్త్రీలను సహకార గృహనిర్మాణ సంఘముగా చేర్చెను. వార్లీ గిరిజనులకై పోరాడిన గోదావరి పరులేకర్ పేరు దానికి పెట్టిరి. కొంత కేంద్రము, కొంత రాష్ట్రము, మిగిలినది బీడీ చుట్టు చేతులు – ఇట్లు సొమ్ము కూడినది. ఊరేగింపులు, ధర్నాలు ఎన్ని చేసిరో! 2006లో కుంభారి గ్రామమువద్ద 10,000 ఇండ్లను ప్రధాని మన్మోహన్ సింగ్ వారికి అప్పగించెను. అంతటితో ఆగక, 30,000 ఇండ్ల రాయనగరమునకు పూనుకొనిరి. అందు 15,000 ఇండ్లను 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ అప్పగించెను. ఆ నాయకుడు కమ్యూనిస్టు. ఇండ్లనిచ్చిన ప్రధానులు వేర్వేరు పక్షములవారు. పదివేలమంది యొక్క కాగితముమీద నుండగా పక్షభేదము అడ్డురాలేదు.

అక్కడ చిక్కులు లేవని నేననను. ఊరికి దూరముగా కట్టిన కాలనీకి బస్సు, నీరు, బడి, పని వెంటరావలెను. నూకపల్లికిని మండెపల్లికిని అదే మాట వర్తించును. సంఘమున్నచోట బస్సుకై అడుగు నోరొకటి యుండును. లాటరీతో చేరినచోట ప్రతివాడును పొరుగువానికి క్రొత్తవాడే.

వారు చేసినది మనము చేయలేకపోవుటకు కారణము నాకగపడదు. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము ప్రభుత్వపు వాటాసొమ్ము లేకుండనే సంఘము నడుపుకొను వీలు కల్పించినది. నెలకు కొంత చొప్పున కూడబెట్టి పట్టణపు టంచున స్థలము కొనవచ్చును. లేదా స్థలమిమ్మని సంఘముగా అడుగవచ్చును. స్థలముండిన 5 లక్షల సాయమునకు త్రోవ దొరకును. బీడీ స్త్రీలకు పొదుపు నేర్పనక్కరలేదు. లెక్క వ్రాయువాడు, కచేరీలకు తిరుగువాడు, మోసపోకుండ పత్రము చదువువాడు కావలెను. ఈ మందిరమున దినమును పత్రిక చదివి లోకమును విమర్శించు మనకు ఆ పని తగదా? ముందుగా మన మూడు పట్టణములలో కిరాయి కుటుంబములెన్ని, తాళములెన్ని, బయట నిద్రించువారెందరు అని వాడవాడకు తిరిగి వ్రాసికొందము.

ఇవి యేండ్లు పట్టు పనులు. ఏండ్లు పట్టని పని యొకటి యున్నది. ఈ సభలో ఇల్లు కిరాయికిచ్చు పెద్దలు పలువురున్నారు. ఆ బల్లమీద నొక కాగితముంచితిని. నా యింట కిరాయికున్న కుటుంబములో నెవరు గతించినను శవమును ఇంటికి తేనిత్తును, కర్మ ముగియువరకు వారిని కదలింపను – అని వ్రాసియున్నది. మొదటి సంతకము నాది. సభ ముగిసిన పిదప, వెళ్లుటకు ముందు దానిని చదువవలసినదిగా వేడుచున్నాను.