సాయంత్రం ఆరు తరువాత

పట్టాలు అందుకుంటున్న ఇంజినీర్లకు అభినందనలు.

స్నాతకోత్సవమంటే పెద్ద పెద్ద కలల గురించి చెప్పడం రివాజు. నేను మాత్రం ఒక వంద మెగావాట్ల గురించి చెబుతాను. రామగుండం ఎన్‌టీపీసీ రిజర్వాయర్ మీద తేలుతున్న సోలార్ ప్లాంటు అది. 2022 జులైలో పూర్తి సామర్థ్యానికి వచ్చింది. కర్నూలు దగ్గరి వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పక్కన పెట్టి చూస్తే చిన్నదే. అయినా ఇంజినీరు చూడదగ్గది.

సుమారు 500 ఎకరాల నీటి మీద 40 బ్లాకులు, ఒక్కోదానిలో 11,200 ప్యానెళ్లు. ఇన్వర్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు సైతం నీళ్ల మీదే, ఫెర్రోసిమెంటు తెప్పలపై ఉంటాయి. రిజర్వాయర్ అడుగున వేసిన కాంక్రీటు దిమ్మలే వీటికి లంగరు. కరెంటు 33 కేవీ కేబుళ్లలో అక్కడే ఉన్న థర్మల్ కేంద్రం స్విచ్‌యార్డుకు చేరుతుంది. ఏ రైతు పొలమూ పోలేదు. ప్యానెల్ వేడెక్కే కొద్దీ దాని సామర్థ్యం తగ్గుతుంది కదా, రామగుండం ఎండల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కింద నీళ్లుండటం ఆ వేడికి కొంత విరుగుడు. నీరు ఆవిరైపోవడమూ తగ్గుతుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. వంద మెగావాట్ల యంత్రం ఏడాది పొడుగునా ఆగకుండా నడిస్తే 87.6 కోట్ల యూనిట్లు రావాలి. మన ప్రాంతంలో సోలార్ ఇచ్చేది అందులో దాదాపు అయిదో వంతు. ప్రారంభోత్సవం ఫొటోలో మెగావాట్లు కనిపిస్తాయి గానీ ఈ అయిదో వంతు కనిపించదు. దాన్ని అడిగి తెలుసుకోవడం మీ పని.

అదే ఆవరణలో 2,600 మెగావాట్ల బొగ్గు కేంద్రం ఉంది. దేశమంతటా సోలార్ పెరిగే కొద్దీ ఇలాంటి కేంద్రాలు మధ్యాహ్నం తగ్గి నడవాలి, పొద్దు గుంకగానే మళ్లీ ఎక్కాలి. నిలకడగా మండటానికి కట్టిన బాయిలర్లవి. రోజూ వేడెక్కి చల్లారుతుంటే గొట్టాలు అలసిపోతాయి. ప్యానెళ్లు బిగించడం ఇప్పుడు పెద్ద విద్య కాదు. సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఇళ్లలో లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు ఒకేసారి నడిచే ఆ నాలుగు గంటలే అసలు పరీక్ష అని నా అభిప్రాయం.

దానికి మన దగ్గర పాత జవాబు ఒకటుంది. శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల టర్బైన్లు ఆరు ఉన్నాయి. నీటిని కిందికి వదిలి కరెంటు తీయగలవు, మిగులు కరెంటుతో అదే నీటిని వెనక్కి ఎత్తిపోయగలవు. సోలార్ మాట ఎక్కువగా వినపడని రోజుల్లోనే కట్టినవి! అయితే దిగువన నీళ్లుంటేనే ఆ పని సాగుతుంది. ఇక బ్యాటరీలున్నాయి. ధర తగ్గుతోంది గానీ మన వేసవిలో వాటిని చల్లగా ఉంచడం వేరే చదువు.

మీలో కొందరు డిస్కంలలో చేరతారు, కొందరు సాఫ్ట్‌వేర్‌కు వెళ్తారు. తప్పేమీ లేదు, రేపటి ఎండను, లోడును ముందే అంచనా కట్టే ప్రోగ్రాములు రాసేవాళ్లూ కావాలి. ఎక్కడ చేరినా మొదటి నెలలోనే మీ దగ్గరి సబ్‌స్టేషన్‌కు వెళ్లి, సాయంత్రం లోడు పట్టిక చూపించమని అడగండి. మీ పని అక్కడ మొదలుపెట్టండి.